పెట్రోల్ బంకు కింద నేల, నీరు చెడ్డాయా? తేల్చే పద్ధతి, అంచెలంచెలుగా

బంకు పక్కింటి బోరులో పెట్రోలు వాసన వస్తోందనగానే చాలాచోట్ల ముందు బోరు లారీని పిలుస్తారు. నిజానికి అది చివర్లో రావాల్సిన బండి. ఎక్కడ కారుతోంది, ఎంత కారింది, కారింది ఏ దారిన పోతోంది అన్నది కాగితాల మీదా, నేల మీదా ఒక కొలిక్కి రాకుండా వేసిన బోరు, పైన 4 మీటర్ల లోతులో ఉన్న పెట్రోలును 40 మీటర్ల కింది రాతి పగుళ్లలోకి స్వయంగా దింపుతుంది. తెలంగాణలో, రాయలసీమలో గట్టిరాయి నేలలే ఎక్కువ కాబట్టి ఇక్కడ ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కింది వరుస ఆ నేలల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పద్ధతి మారేచోట ఆ సంగతీ చెప్పాం.

1. ముందు మనుషుల భద్రత

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. సంపుల్లో, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో, కేబుల్ గొట్టాల్లో, పక్క అపార్ట్‌మెంట్ సెల్లారులో, లిఫ్ట్ గుంతలో పేరుకుంటుంది. గాలిలో సుమారు 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే పని మొదలయ్యే ముందు నాలుగు వాయువుల మీటరుతో బంకు చుట్టూ ఉన్న ప్రతి మూత తెరిచి కొలవాలి. అంటుకునే కనీస స్థాయిలో 10 శాతం చూపిస్తే పని ఆపాలి, కరెంటు తీయించాలి, ఫైర్ సర్వీసుకు చెప్పాలి. మీటరును మూత దగ్గర పట్టుకుంటే సరిపోదు. గొట్టం కట్టి అడుగు దాకా దింపి చూడాలి, ఎందుకంటే పైన సున్నా ఉన్నచోటే అడుగున ప్రమాదం ఉంటుంది.

మెక్సికోలోని గ్వాదలహారాలో 1992 ఏప్రిల్ 22న మురుగు కాలువలు పేలి 200 మందికి పైగా చనిపోయారు. పెట్రోలు పైపులైనుకు తుప్పుతో పడిన చిల్లే దానికి మూలం. ముందు రోజుల్లోనే జనం వాసన గురించి ఫిర్యాదు చేశారు. వాసన ఫిర్యాదును చిన్నదిగా చూడకూడదు అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

బెంజీన్ క్యాన్సర్ కారకం. డ్రిల్లింగ్ చేసే మనిషి ముఖం దగ్గర పీఐడీతో, అంటే గాలిలోని పెట్రోలు లాంటి సేంద్రియ ఆవిర్లను కొలిచే చేతి మీటరుతో, గాలి కొలుస్తూ ఉండాలి. గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు, సేంద్రియ ఆవిరి క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి.

2. లెక్కల పుస్తకం చదవండి

డిప్ రిజిస్టరు (ట్యాంకులో కడ్డీ ముంచి రోజూ కొలిచిన మట్టాల పుస్తకం), ట్యాంకర్ దింపిన రసీదులు, పంపు మీటర్ల రీడింగులు కనీసం 12 నెలలవి తీసుకోండి. రోజువారీ తేడాను చూస్తే ఏమీ తెలియదు. వరుసగా కూడుకుంటూ గ్రాఫు గీయాలి. కారడం లేని ట్యాంకుకు గీత సున్నా చుట్టూ పైకీ కిందికీ ఊగుతుంది. కారే ట్యాంకుకు ఒకే వాలులో కిందికి పోతుంది. వాలు మారిన తేదీ దొరికితే ఆ వారంలో ఏం జరిగిందో అడగండి. కొత్త పైపు బిగించారా, ఫోర్‌కోర్టు (బండ్లు ఆగే బంకు ముందు నేల) తవ్వారా, పంపు మార్చారా అన్నది అక్కడే బయటపడుతుంది.

లెక్క తప్పడానికి కారడం ఒక్కటే కారణం కాదు. 10,000 లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ సెల్సియస్ చల్లబడితే సుమారు 10 లీటర్లు తగ్గుతుంది. మే నెల ఎండలో వచ్చిన ట్యాంకర్‌కూ, భూమిలోని ట్యాంకుకూ 10 డిగ్రీల తేడా ఉంటే ఒక్క లోడులోనే 100 లీటర్లు మాయమైనట్టు కనిపిస్తుంది. పంపు 5 లీటర్ల కొలతకు 20 మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తున్నా అంతే, కాబట్టి కొలపాత్రతో పంపులన్నీ ఒకసారి సరిచూడాలి. ట్యాంకు ఒక పక్కకు ఒరిగి ఉంటే డిప్ మట్టాన్ని లీటర్లలోకి మార్చే చార్టే తప్పు చెబుతుంది.

అయితే లెక్క సరిపోయిందని నిశ్చింతగా ఉండకూడదు. అమెరికా నిబంధనల్లో నెలవారీ తేడాకు పెట్టిన హద్దు, నెలలో అమ్మినదాంట్లో 1 శాతం, దానిపైన 130 గ్యాలన్లు, అంటే 492 లీటర్లు. నెలకు లక్షన్నర లీటర్లు అమ్మే బంకుకు ఇది దాదాపు 2,000 లీటర్లు అవుతుంది. ఆ లోపు కారేదేదీ ఈ లెక్కలో దొరకదు. అందుకే ట్యాంకుకూ, పైపులకూ విడివిడిగా బిగింపు పరీక్ష, అంటే మూసి ఉంచి కారుతోందో లేదో తేల్చే పరీక్ష, చేయించాలి. మంచి పరీక్ష గంటకు 0.38 లీటర్ల కారడాన్ని కూడా పట్టుకుంటుంది. అది రోజుకు 9 లీటర్లు, ఏడాదికి 3,300 లీటర్లు.

పరీక్షలో రెండు చోట్ల మోసపోతారు. భూగర్భజలం ట్యాంకు అడుగు కంటే పైన ఉంటే బయటి నీటి ఒత్తిడి చిల్లును అదిమి పట్టుకుంటుంది. పెట్రోలు బయటికి పోదు, నీరే లోపలికి వస్తుంది. డెల్టా జిల్లాల్లో వానాకాలంలో ఇది మామూలు. కాబట్టి బయటి నీటిమట్టం కొలవకుండా ఇచ్చిన పాస్ సర్టిఫికెట్‌ను నమ్మకూడదు. రెండోది ఇథనాల్. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. కొద్దిపాటి నీరు దాంట్లో కలిసిపోతుంది, నీరు పట్టే మామూలు పేస్టు రంగు మారదు. నీరు ఎక్కువైనప్పుడు మాత్రం ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇథనాల్ పెట్రోలుకని ప్రత్యేకంగా చేసిన పేస్టే వాడాలి.

పైనుంచి పెట్రోలును పీల్చే సక్షన్ పంపు ఉన్న పాత బంకుల్లో, పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే చెక్ వాల్వు ఎక్కడుందో చూడండి. అది ట్యాంకులో పైపు చివర (ఫుట్ వాల్వు) ఉంటే పైపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, పైపుకు చిల్లు పడితే ఉన్నదంతా నేలలోకి పోతుంది. వాల్వు పంపు కింద ఉంటే పైపులోది తిరిగి ట్యాంకులోకి జారుతుంది. ఒకే చిల్లుకు నష్టంలో ఇంత తేడా.

3. స్థలం చదవండి

తవ్వే ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రావాలి: కారే చోటు, పోయే దారి, చేరే చోటు. కారే చోట్లలో ట్యాంకు గోడ ఒక్కటే కాదు. పైపు జాయింట్లు, పంపు కింది యూనియన్లు, ట్యాంకర్ దింపే చోట ఒలికినవి, ఎప్పుడో తీసేసిన పాత ట్యాంకుల గుంతలు కూడా లెక్కలోకి రావాలి. పాత ట్యాంకు ఎక్కడ ఉండేదో రికార్డులో లేకపోతే బంకులో పాతకాలం నుంచి పనిచేసేవాళ్లను అడగండి, వెంట్ పైపు మొండెం ఎక్కడైనా మిగిలిందేమో చూడండి. 2000 సంవత్సరానికి ముందున్న బంకైతే అప్పటి పెట్రోల్లో సీసం ఉండేది కాబట్టి మట్టిలో సీసం కూడా పరీక్షించాలి.

చుట్టూ 500 మీటర్ల లోపు ఉన్న బోర్లు, బావులు, కుంటలు, సెల్లార్లు అన్నీ గుర్తించండి. ప్రతి బోరుకు లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు, ఎన్ని అడుగుల దగ్గర నీరు పడింది, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది అన్నది రాయాలి. కేసింగ్ వివరం ఇంటివాళ్లకు తెలియకపోతే పక్కింటి బోరు చూసి ఊహించి రాయకండి, ఖాళీ వదిలేయండి. సెల్లారులో నీరు ఊరుతోందని పగలూ రాత్రీ మోటారు నడిపే అపార్ట్‌మెంట్ ఉంటే దాన్ని ఎర్రగా గుర్తు పెట్టండి. వాలు ఎటున్నా సరే, కలుషిత నీరు ఆ మోటారు వైపే మళ్లుతుంది. ట్యాంకు గుంత చుట్టూ పోసిన ఇసుక, నల్లరేగడిలో నీళ్లు నిలిచిన తొట్టిలా పనిచేస్తుంది. అది నిండి పొంగే చోటు సాధారణంగా పైపులు, కేబుళ్లు వేసిన ట్రెంచే. పెట్రోలు దూరం పోయిందంటే ముందు అనుమానించాల్సింది ఆ ట్రెంచ్‌నే.

4. మట్టి నమూనాలు

కేబుల్, పైపుల మ్యాపు చేతికి వచ్చాక కూడా మొదటి ఒకటిన్నర మీటరు చేత్తోనే తవ్వాలి. ఆ తర్వాత హ్యాండ్ ఆగరు (చేత్తో తిప్పే బర్మా) గానీ, హాలో స్టెమ్ ఆగరు (మధ్యలో బోలుగా ఉండే యంత్రపు బర్మా) గానీ, స్ప్లిట్ స్పూన్ (రెండుగా విడదీసి మట్టి తీసే గొట్టం) గానీ వాడాలి. కంప్రెసర్ గాలితో తవ్వే డీటీహెచ్ హ్యామర్‌తో మట్టి నమూనా తీయకూడదు. గాలి బెంజీన్‌ను ఊదేస్తుంది, ల్యాబు రిపోర్టులో సున్నా వస్తుంది, అందరూ హాయిగా నిట్టూరుస్తారు. తప్పుడు సున్నాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

కనీసం ట్యాంకు గుంత నాలుగు వైపులా, ఒక్కో పంపు ఐలాండ్ దగ్గర, పైపు మలుపుల దగ్గర, దింపే చోట ఒక్కొక్కటి వేయాలి. కాలుష్యం తగలని నేల ఎలా ఉందో తెలియడానికి ఎగువన ఒకటి. 2 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు పైన మీటరు కప్పు ఉంటే అడుగు 3 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడితో ఆపకుండా నీటిమట్టం దాకా, లేదా రాయి తగిలేదాకా వెళ్లాలి.

ప్రతి అర మీటరుకు కొంత మట్టిని జిప్ సంచిలో సగం దాకా వేసి, మూసి, గడ్డలు చిదిపి, 10 నిమిషాలు నీడలో ఉంచి, పీఐడీ ముక్కును గుచ్చి అత్యధిక రీడింగు రాసుకోండి. సంచులన్నీ ఒకే వేడిలో, ఒకే సమయం ఉండాలి, లేకపోతే ఒకదాంతో ఒకటి పోల్చలేరు. డీజిలుకు పీఐడీ తక్కువ చూపిస్తుంది. రీడింగు 20 ఉన్నా మట్టి జిడ్డుగా, బూడిదరంగుగా ఉంటే ఆ జిడ్డునే నమ్మండి. వానాకాలపు తేమలో మీటరు తప్పుడు రీడింగులు చూపిస్తుంది కాబట్టి గంటకోసారి శుభ్రమైన గాలిలో సరిచూడాలి.

ఒక్కో బోరింగ్ నుంచి ల్యాబుకు మూడు పంపండి: రీడింగు అత్యధికంగా ఉన్న లోతు, నీటిమట్టానికి సరిగ్గా పైన, కాలుష్యం ఆగిపోయిందనిపించిన అడుగు. మూడోది మానేస్తే ఎంత లోతు దాకా చెడిందో చెప్పలేరు. బెంజీన్ లాంటివాటికి 5 గ్రాముల మట్టిని చివర కోసిన సిరంజితో తీసి, ముందుగానే తూచి 10 మిల్లీలీటర్ల మిథనాల్ పోసి ఉంచిన 40 మిల్లీలీటర్ల గాజు వయల్‌లో నిమిషంలోపు వేసి మూయాలి. డీజిలుకు టెఫ్లాన్ మూత ఉన్న గాజు సీసా. ప్లాస్టిక్ సంచిలో, వాడేసిన నీళ్ల బాటిల్‌లో పంపినది ల్యాబుకు వెళ్లేలోపే పనికిరాకుండా పోతుంది. ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి, 14 రోజుల్లోపు విశ్లేషణ పూర్తయ్యేలా ముందే ల్యాబుతో మాట్లాడుకోండి.

5. పరిశీలన బావులు

నీరు ఎటు పోతోందో తెలియాలంటే కనీసం మూడు బావులు కావాలి. అవి ఒకే గీతలో కాక త్రికోణంలో ఉండాలి. 150 మిల్లీమీటర్ల రంధ్రంలో 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, మరలతో బిగించేదే తీసుకోండి. ప్లంబరు వాడే సొల్యూషన్‌తో అతికిస్తే ఆ ద్రావకాలే నీటి పరీక్షలో కనిపిస్తాయి. జల్లెడ గొట్టం (నీరు లోపలికి రావడానికి చీలికలున్న పైపు భాగం) చుట్టూ కడిగిన ఇసుక, జల్లెడకు అర మీటరు పైదాకా. దానిపైన అర మీటరు నుంచి మీటరు బెంటొనైట్ (తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బంకమట్టి), ఆపైన సిమెంటు, నేల మట్టంలో తాళం ఉన్న మూత. బెంటొనైట్ సరిగా వేయకపోతే ఫోర్‌కోర్టు కడిగిన నీరు నేరుగా బావిలోకి దిగుతుంది, అప్పుడు మీరు కొలిచేది ఆ కడుగునీళ్లనే.

పెట్రోలు నీటి మీద తేలుతుంది. కాబట్టి జల్లెడ నీటిమట్టానికి పైనా కిందా రెండు వైపులా ఉండాలి. జల్లెడ మొత్తం నీటి కింద ఉంటే పైన తేలే పెట్రోలు బావిలోకి రానే రాదు. పుస్తకాల్లో పైన ఒక మీటరు చాలంటారు. మన గట్టిరాయి నేలల్లో మే నెలకూ నవంబరుకూ నీటిమట్టం ఎన్నో మీటర్లు మారుతుంది, అక్కడ అది చాలదు. పొడవైన ఒకే జల్లెడ వేస్తే పైనా కిందా నీళ్లు కలిసి ఫలితం పలచబడుతుంది. రెండు లోతుల్లో పక్కపక్కనే రెండు బావులు వేయడం ఖర్చైనా సరైనది.

రాతిలోకి వెళ్లక తప్పనప్పుడు మాత్రమే డీటీహెచ్. అప్పుడు కూడా ఈ వరుస తప్పకూడదు. పై మట్టి, మొరం దాటేదాకా పెద్ద రంధ్రం వేసి, కేసింగ్‌ను గట్టిరాయిలోకి కనీసం అర మీటరు దింపి, కేసింగ్ వెనక ఖాళీని కింది నుంచి పైకి సిమెంటుతో నింపి, 24 గంటలు ఆగి, ఆ తర్వాతే లోపల నుంచి చిన్న బిట్‌తో రాయిలోకి వెళ్లాలి. మామూలు ఇంటి బోరులో కేసింగ్‌ను రాతి మీద కూర్చోబెట్టి వదిలేస్తారు, వెనక ఖాళీ అలాగే ఉంటుంది. బంకు పక్క బోర్లలోకి పెట్రోలు దిగే ముఖ్యమైన దారి అదే. బోరు వేసే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవడం మరవకండి.

6. నీటిమట్టం, దిశ, వేగం

బావి వేశాక నీరు తేటబడేదాకా తోడి, కొన్ని రోజులు ఆగాలి. తర్వాత పెట్రోలునూ నీటినీ వేరుగా గుర్తించే ఇంటర్‌ఫేస్ ప్రోబ్‌తో ముందు పెట్రోలు మట్టం, తర్వాత నీటి మట్టం కొలవాలి. బావులన్నింటినీ ఒకే రోజు, చుట్టుపక్కల మోటార్లు ఆపించి కొలవండి. తేలే పెట్రోలు ఉన్న బావిలో నీటిమట్టం నొక్కుకుపోయి ఉంటుంది. 0.40 మీటర్ల పెట్రోలు ఉంటే దాని సాంద్రత 0.74తో గుణించి వచ్చిన 0.296 మీటర్లను నీటిమట్టానికి కలపాలి.

ఉదాహరణకు మూడు బావుల్లో మట్టాలు 98.60, 98.40, 98.20 మీటర్లు. మొదటి, మూడో బావుల మధ్య దూరం 40 మీటర్లయితే, ఆ గీత మీద 20 మీటర్ల దగ్గర మట్టం 98.40. ఆ బిందువును రెండో బావితో కలిపితే సమమట్టపు గీత. నీరు దానికి లంబంగా, తక్కువ మట్టం వైపు పోతుంది. ఆ గీత నుంచి మూడో బావికి లంబదూరం 18 మీటర్లయితే వాలు 0.20ని 18తో భాగించగా 0.011.

వేగం కట్టేటప్పుడే పెద్ద పొరపాటు జరుగుతుంది. నీటి ప్రసరణ గుణకం (నేల నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే అంకె) రోజుకు 1 మీటరు అనుకుందాం. దాన్ని పై వాలుతో గుణించి, నేలలోని ఖాళీల వంతుతో, అంటే సచ్ఛిద్రతతో, భాగిస్తే వేగం. ఇసుకకు వాడే 0.3 సచ్ఛిద్రతతో భాగిస్తే ఏడాదికి 13 మీటర్లు వస్తుంది. కానీ శిథిలమైన గ్రానైట్‌లో నీరు పారే ఖాళీ 3 శాతం చుట్టూ ఉంటుంది. 0.03తో భాగిస్తే ఏడాదికి 134 మీటర్లు. మొదటి అంకె నమ్మితే మూడో వీధిలోని బోరును పరీక్షించాలన్న ఆలోచనే రాదు. బెంజీన్ నీటి కంటే కొంత నెమ్మదిగా కదులుతుంది, దారిలో సూక్ష్మజీవులు తింటాయి కూడా, కానీ ఆ ఊరట లెక్కలో చివర్లో ఇవ్వాలి, మొదట్లో కాదు.

బావిలో కనిపించే పెట్రోలు మందం నేలలో ఉన్న మందం కాదు. ఎండాకాలంలో నీరు దిగినప్పుడు మందం పెరుగుతుంది, వానలకు నీరు లేస్తే పెట్రోలు మట్టి రంధ్రాల్లో చిక్కుకుని బావిలో మాయమవుతుంది. సెప్టెంబరులో బావి శుభ్రంగా ఉందని కేసు మూసేస్తే వచ్చే ఏప్రిల్‌లో అది మళ్లీ తేలుతుంది. ఏడాది పొడవునా, కనీసం నాలుగుసార్లు కొలవనిదే మాట ఇవ్వకండి.

7. నీటి నమూనా, ఫలితం చదవడం

తేలే పెట్రోలు ఉన్న బావి నుంచి కరిగిన బెంజీన్ కోసం నమూనా తీయడం వృథా. మిగతావాటిలో నిమిషానికి 0.1 నుంచి 0.5 లీటర్ల చొప్పున నెమ్మదిగా తోడుతూ, పీహెచ్ 0.1 లోపు, విద్యుత్ వాహకత 3 శాతం లోపు మూడు వరుస రీడింగుల్లో నిలకడగా ఉన్నాకే సీసా నింపాలి. 40 మిల్లీలీటర్ల వయల్‌లో బుడగ మిగలకూడదు. తలకిందులు చేసి, తట్టి చూడండి. పీహెచ్ 2 కంటే తగ్గేలా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే 14 రోజులు నిలుస్తుంది. కానీ మన బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, ఆమ్లం పడగానే నురగ వస్తుంది, ఆ బుడగలతోనే బెంజీన్ లేచిపోతుంది. అలాంటిచోట ఆమ్లం లేకుండా నింపి 7 రోజుల్లోపు పరీక్షించాలి.

ఇళ్ల బోర్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు దాటిన కుళాయి నీరు తీసుకోకండి, మోటారు దగ్గరే తీయండి. ప్రతి పది నమూనాలకు ఒకటి రెండోసారి తీయాలి, ప్రతి ఐసు పెట్టెలో ప్రయాణపు ఖాళీ నమూనా (శుభ్రమైన నీటితో నింపి, తెరవకుండా వెంట తీసుకెళ్లే వయల్) ఒకటి ఉండాలి. ఆ ఖాళీ నమూనాలో టాలుయిన్ వస్తే నమూనాలను పెట్రోలు డబ్బా పక్కనో, బండి డిక్కీలోనో పెట్టారన్నమాట.

పెట్రోల్లో బెంజీన్ 1 శాతమే ఉన్నా, పెట్రోలుకు తగిలిన నీటిలో లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు కరగగలదు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 0.01 మిల్లీగ్రాములు. అంటే వెయ్యి రెట్లకు పైమాట. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఖనిజ తైలానికి 0.5 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ పరీక్ష ఒక్కటే చేయించి నీళ్లు బాగున్నాయని చెప్పడం ప్రమాదకరం, తైలం హద్దులోనే ఉన్నా బెంజీన్ 40 రెట్లు మించి ఉండవచ్చు. బెంజీన్, టాలుయిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్లు, ఎంటీబీఈ (పెట్రోల్లో కలిపే ఒక రసాయనం), నాఫ్తలీన్ విడివిడిగా అడగండి. వీటితో పాటు కరిగిన ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్, కరిగిన ఇనుము కూడా. మధ్య బావిలో ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్ పడిపోయి ఇనుము పెరిగితే సూక్ష్మజీవులు పెట్రోలును తింటున్నాయని అర్థం. ఇథనాల్ ఎక్కువున్నచోట అవి ముందు ఇథనాల్‌నే తింటాయి, ఆక్సిజన్ దానికే అయిపోతుంది, బెంజీన్ ఇంకా ముందుకు సాగుతుంది.

చివరి ఫలితాల మ్యాపులో ప్రతి దిశలోనూ హద్దు కంటే తక్కువ వచ్చిన బావి ఒకటి ఉండాలి. లేని దిశలో ఇంకో బావి వేయాల్సిందే, అంచనా గీతలు గీసి కలపకూడదు. ఇళ్లు, సెల్లార్లు హద్దు మించిన ప్రాంతంలో పడితే నేల కింది గాలిని కూడా పరీక్షించాలి.

బోరు చెడిందని తేలిన రోజే, రిపోర్టు కోసం ఆగకుండా, ఆ ఇంటివాళ్లకు తాగడం, వండడం, స్నానం ఆపమని చెప్పాలి. వేడినీళ్ల స్నానంలో బెంజీన్ ఆవిరిగా మారి ఊపిరితో లోపలికి వెళ్తుంది. మరిగిస్తే పోతుందన్న నమ్మకం వంటింటి గాలిని పాడుచేస్తుంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికీ, లైసెన్సు ఇచ్చిన పెసోకూ (పెట్రోలు, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ), ఆయిల్ కంపెనీకీ రాతపూర్వకంగా తెలపాలి. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నియమాలు తెచ్చింది, శుభ్రం చేసే భారం కలుషితం చేసినవారిదే. మీ బావుల లాగ్‌లు, నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే గొలుసు రికార్డు, ల్యాబు అసలు కాగితాలు ఆ వ్యవహారంలో సాక్ష్యాలవుతాయి కాబట్టి తేదీ, సమయం, సంతకం లేని కాగితం ఒక్కటీ ఉంచకండి. పని ముగిసిన బావుల్ని మట్టితో పూడ్చకుండా, అడుగు నుంచి పైదాకా సిమెంటు, బెంటొనైట్ కలిపిన ముద్దతో నింపి, ఎక్కడెక్కడ మూశారో మ్యాపు మీద గుర్తు పెట్టి దాన్ని కూడా మండలికి ఇవ్వండి.